ఆటకు నాన్నను ఎవరైనా పిలిచారా?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రానికి దక్షిణపు కొసన, మెక్సికోతో సరిహద్దుగా ఉన్న రియో గ్రాండే నదికి దగ్గర్లో కొలోనియాలు అనే పేటలున్నాయి. ఊరి హద్దుల బయట చవగ్గా దొరికిన స్థలాల్లో, మెక్సికో మూలాలున్న కుటుంబాలు చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక్కో గది కట్టుకుంటూ లేపుకున్న ఇళ్లవి. చాలాచోట్ల కాలిబాటలు ఉండవు, వీధి దీపాలు ఉండవు. కుక్కల భయం ఒకటి. వేసవిలో ఎండ 38 డిగ్రీలు దాటడం మామూలే. పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఇక్కడి పిల్లలు ఆడేదెక్కడ?

2017-2020 నాటి అమెరికా ప్రభుత్వ లెక్కల్లో హిస్పానిక్ పిల్లల్లో, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లలో, 26.2 శాతం మందికి ఊబకాయం ఉంది. దేశం మొత్తం మీద అది 19.7 శాతం. ఈ తేడా చూపించి ఆ తల్లిదండ్రులను తప్పుపట్టడం అన్యాయమని నా అభిప్రాయం. ముందు వాళ్ల వీధి చూడాలి, తర్వాత వాళ్ల పని వేళలు చూడాలి.

ఆ ఇళ్లలో నాన్నలు చాలామంది భవన నిర్మాణంలోనో, పొలాల్లోనో, పచ్చిక కోసే పనిలోనో ఉంటారు. పొద్దున్నుంచీ ఎండలో ఒళ్లు హూనం చేసుకుని వచ్చిన మనిషికి వ్యాయామం మంచిదని చెబితే ఏం ఎక్కుతుంది? ఆయన ఒంటికి కావాల్సింది విశ్రాంతి. రోజంతా బడిలో, ఆ తర్వాత టీవీ ముందు కూర్చున్న పిల్లవాడి ఒంటికి కావాల్సింది కదలిక. ఈ ఇద్దరూ సాయంత్రం ఒకే ఇంట్లో కలుస్తారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. బద్ధకం అనే మాటతో దీన్ని కొట్టిపారేయలేం.

మెక్సికన్ మగవాడనగానే చాలామందికి గుర్తొచ్చే మాట మచీస్మో, అంటే మగతనపు పెత్తనం. కానీ మనస్తత్వ పరిశోధకులు దాని పక్కనే కబయెరీస్మో అనే ఇంకో మాట కూడా వాడతారు. ఇంటివాళ్లను గౌరవంగా, బాధ్యతగా చూసుకునే గుణం అది. కుటుంబమే ముందు అనుకునే ఫమిలీస్మో కూడా ఆ ఇళ్లలో బలంగా ఉంటుంది. అలాంటి తండ్రి దగ్గరికి బరువు గురించి చెబుతూ వెళ్లడం కన్నా, పిల్లలతో గడిపే సమయం గురించి మాట్లాడుతూ వెళ్లడం మేలని నాకనిపిస్తుంది.

అయితే ఆయన దగ్గరికి వెళ్లిందెవరు? పిల్లల ఊబకాయంపై జరిగిన పరిశోధనలను 2017లో సమీక్షించారు. తల్లిదండ్రుల్లో ఒక్కరినే చేర్చుకున్న పరిశోధనల్లో, చేరినవారిలో తండ్రులు 6 శాతమే. నాన్నలకు పట్టదు అనే ముందు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో ఫిలిప్ మోర్గాన్ బృందం నేరుగా తండ్రులనే పిలిచింది. బరువు ఎక్కువున్న 53 మంది నాన్నలతో, వాళ్ల పిల్లలతో చేసిన ఆ ప్రయోగ ఫలితాలు 2011లో అచ్చయ్యాయి. ఆరు నెలల్లో, కార్యక్రమంలో ఉన్న తండ్రులు సగటున 7.6 కిలోలు తగ్గారు. పిల్లల కదలికా పెరిగింది. అదే పద్ధతిని హ్యూస్టన్‌లో బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు హిస్పానిక్ కుటుంబాలకు తగ్గట్టు మలిచారు. దానికి 'పాపాస్ సాలుదాబ్లెస్, నీన్యోస్ సాలుదాబ్లెస్' అని పేరు పెట్టారు. ఆరోగ్యవంతులైన నాన్నలు, ఆరోగ్యవంతులైన పిల్లలు అని అర్థం.

సరిహద్దు పేటల్లో మాత్రం పరిశోధకులు ప్రొమోతోరాలను నమ్ముకున్నారు. మన ఆశా కార్యకర్తల్లాగే వీళ్లూ ఆ పేట ఆడవాళ్లే, అక్కడి స్పానిష్ భాషే మాట్లాడతారు, ఎవరింట్లో ఎవరున్నారో తెలిసినవాళ్లు. ఆరు వారాల ఆ కార్యక్రమం పేరు 'ఆస్ ఎస్పాసియో పారా పాపీ'. నాన్నకు చోటివ్వండి అని. ఇందులో తల్లిని పక్కకు నెట్టలేదు, కుటుంబమంతా కలిసి వస్తుంది. ఆటతోపాటు తిండి గురించీ నేర్చుకుంటారు.

ఆస్ట్రేలియా పద్ధతిలో నాకు బాగా నచ్చినది, పిల్లలకు అప్పగించిన పని. నాన్నను ఆటకు లాక్కురావడం, ఆయనకు హుషారు ఎక్కించడం వాళ్ల వంతు. ఆ ఆటలకు మైదానం కూడా అక్కర్లేదు. నాన్నతో కుస్తీ పట్టడం, వీపెక్కడం, ఒకరినొకరు తోసుకోవడం. ఎండ దిగాక ఇంటి ముందున్న ఆ కాస్త జాగా చాలు. చేయి పట్టి లాగుతూ "ఆందలే, పాపీ" అని, అంటే "పద నాన్నా" అని, పిల్లవాడే పిలుస్తాడు.