బొమ్మ కింద రాసిన హోదా

1778లో పారిస్‌లో ‘గాలెరీ దే మోద్’ పేరుతో ఫ్యాషన్ బొమ్మలు అచ్చువేయడం మొదలైంది. 1787 దాకా 400కు పైగా వచ్చాయి. రాగిరేకు మీద చెక్కి, అచ్చు తీసి, చేత్తో రంగులు వేసేవాళ్లు.

అందులో ఒక రాజాస్థానపు గౌను చూడండి. నడుము పిడికెడు, కింద రెండు పక్కలా బారెడు వెడల్పు. లోపల బెత్తంతోనో తిమింగలం నోటి పలకలతోనో కట్టిన ‘పానియే’ అనే చట్రం ఉంటుంది. దాంతో మామూలు గుమ్మం దాటాలంటే పక్కకి తిరగాల్సిందే. ఆ గౌనుతో ఇంటి పని చేయడం కుదరదు. చేయనక్కర్లేదని చూపించడానికే ఆ వెడల్పు.

నన్ను ఆపేసేది మాత్రం బొమ్మ కింది రాత. చాలా బొమ్మల్లో మనిషి పేరుండదు, అంతస్తు ఉంటుంది: ‘ఉన్నత వంశపు యువతి’, ‘వర్తకుల ఇంటి ఇల్లాలు’, ‘పిల్లల ఆయా’. అంతలా రాయాల్సిన అవసరం ఎందుకొచ్చిందంటే, అప్పటికే బట్టని బట్టి మనిషి అంతస్తు చెప్పడం కష్టమైపోయింది.

ఎవరు ఏ బట్ట కట్టాలో ఫ్రాన్స్ రాజులు పూర్వం శాసనాలు చేశారు. 18వ శతాబ్దానికి వాటిని పట్టించుకునేవాళ్లు తగ్గారు. మన మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకం బట్టల కథే చూడండి. పట్టు నేతగాళ్ల బతుకు పోతుందని 1686లో వాటిని నిషేధించారు. అయినా ఆడవాళ్లు కట్టడం మానలేదు. చివరికి 1759లో నిషేధం ఎత్తేశారు.

ఈ బొమ్మలు అంతస్తుల మధ్య గీతల్ని ఇంకా చెరిపేశాయి. డబ్బున్న వర్తకుడి భార్య బొమ్మ తెచ్చి దర్జీ ముందు పెడితే చాలు. 1785లో ‘కాబినే దే మోద్’ పత్రిక రావడంతో పదిహేను రోజులకోసారి కొత్త ఫ్యాషన్ ఇంటికే చేరింది.

అంతకు రెండేళ్ల ముందే రాణి మారీ ఆంత్వానెత్ తన హోదా గుర్తుల్ని తనే పక్కన పెట్టింది. చట్రం లేని తెల్లటి మల్లు గౌనులో ఆమెను చిత్రకారిణి విజే లెబ్రన్ చిత్రించింది. ప్రదర్శనలో పెట్టగానే, రాణిని లోదుస్తుల్లో గీశారని జనం మండిపడ్డారు. పట్టు వదిలి నూలు కట్టిందన్న కోపం వేరే. ఆ చిత్రాన్ని తీసేయక తప్పలేదు. దాని బదులు నీలి పట్టు గౌనులో మరొకటి వేశారు. చేతిలో గులాబీ మాత్రం అలాగే ఉంది.