డబ్లిన్ యూకేలో లేదు: 1949లో పడిన పీటముడి

బెల్‌ఫాస్ట్ యూనివర్సిటీలో సీటు, చేతిలో యూకే స్టూడెంట్ వీసా. డబ్లిన్‌కు టికెట్ చౌకగా ఉంది, అక్కడ దిగి రెండు గంటలు బస్సులో వెళ్లిపోవచ్చా? అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే ఈ ప్రశ్న మళ్లీ లేస్తుంది. ‘ఐర్లాండ్ కూడా యూకేనే కదా’ అని ధైర్యం చెప్పేవాళ్లకూ కొదవుండదు. ఆ మాట నమ్మి బయల్దేరితే డబ్లిన్ ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గరే ఆగిపోవాలి. అది వేరే దేశం, దాని వీసా వేరు.

గ్రేట్ బ్రిటన్ అంటే ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్ ఉన్న పెద్ద దీవి. దానికి బెల్‌ఫాస్ట్ ఉన్న ఉత్తర ఐర్లాండ్ కలిస్తే యూకే. 1921లో ఐర్లాండ్ దీవి యూకేలో ఉండిపోయిన ఉత్తర ఐర్లాండ్‌గా, డబ్లిన్ రాజధానిగా ఉన్న మిగతా ఐర్లాండ్‌గా ఎలా చీలిందో చాలామందికి తెలుసు. ఇప్పటి గందరగోళానికి మూలం మాత్రం ఆ విభజన కన్నా 1949లోనే ఎక్కువగా ఉంది.

1937 నాటి ఐరిష్ రాజ్యాంగం నాలుగో అధికరణం దేశం పేరు ‘ఏర’ అని, ఇంగ్లిష్‌లో ‘ఐర్లాండ్’ అని రాసుకుంది. 1948లో డబ్లిన్ పార్లమెంటు చేసిన చట్టం ‘రిపబ్లిక్ ఆఫ్ ఐర్లాండ్’ను దేశానికి వర్ణనగా చేర్చింది తప్ప పేరు మార్చలేదు. 1949 ఏప్రిల్ 18న అది అమల్లోకి రావడంతో ఐర్లాండ్ కామన్వెల్త్ నుంచి బయటికొచ్చింది. రిపబ్లిక్‌గా మారబోతున్న భారత్‌ను కామన్వెల్త్‌లోనే ఉంచే లండన్ ప్రకటన అదే నెలాఖరులో వెలువడింది. ఐర్లాండ్ ఇంకొన్ని రోజులు ఆగి ఉంటే కథ మరోలా ఉండేదేమో.

లండన్ వెంటనే తన ‘ఐర్లాండ్ చట్టం’ తెచ్చింది. ఆ వర్ణననే పేరుగా స్థిరపరిచింది. ఉత్తర ఐర్లాండ్ పార్లమెంటు ఒప్పుకోనిదే ఆ ప్రాంతం యూకే నుంచి విడిపోదని హామీ ఇచ్చింది. డబ్లిన్‌కు ఇది పుండు మీద కారం. రాజ్యాంగంలో రాసుకున్న పేరుతో పిలవమని అడగడం ఏ దేశానికైనా కనీస హక్కు. ఐక్యరాజ్యసమితిలో 1955లో చేరినప్పుడూ ఆ దేశం ‘ఐర్లాండ్’గానే చేరింది. దేశం పేరు తప్పుగా రాసి బ్రిటన్ పంపే నేరస్తుల అప్పగింత వారంట్లను తిప్పి పంపాలని 1989లో అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఒకరు తేల్చిచెప్పారు. దీవి మొత్తం తమదేనని అదే రాజ్యాంగం అంటున్నప్పుడు ఆ పేరును ఒప్పుకుంటే బెల్‌ఫాస్ట్‌ను వదులుకున్నట్టేనన్నది బ్రిటన్ వాదన. 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందంతో దీవి మొత్తం తమదేనన్న వాదనను డబ్లిన్ మానుకుంది, లండన్ ‘ఐర్లాండ్’ అని రాయడం మొదలుపెట్టింది.

వీసా చిక్కు కూడా లండన్ తెచ్చిన ఆ 1949 చట్టంతో ముడిపడినదే. ఐర్లాండ్‌ను విదేశంగా చూడకూడదని అందులో ఉంది. ఐరిష్, బ్రిటిష్ పౌరులు ఇప్పటికీ అటూ ఇటూ స్వేచ్ఛగా తిరుగుతున్నారు. ఈ ‘కామన్ ట్రావెల్ ఏరియా’ వెసులుబాటు భారత పాస్‌పోర్టుకు వర్తించదు. దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దులో గేటు ఉండదు, స్టాంపు పడదు. స్పీడు బోర్డుల్లో మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయంటే దేశం మారినట్టే. గేటు లేదు కదా అని అనుమతి ఉన్నట్టు కాదు. డబ్లిన్ బస్సుల్లో ఐరిష్ పోలీసులు పత్రాలు అడగవచ్చు.

ఒకే వీసాతో రెండు దేశాలూ చూడాలంటే స్వల్పకాలిక విజిట్ వీసాపై ‘బీఐవీఎస్’ (బ్రిటిష్-ఐరిష్ వీసా పథకం) అని నమోదై ఉండాలి, ముందుగా ఆ వీసా ఇచ్చిన దేశంలోనే దిగాలి. స్టూడెంట్ వీసాకు ఈ సదుపాయం లేదు.

‘ఉత్తర’ అన్న మాటా తికమక పెడుతుంది. దీవి ఉత్తర కొన అయిన మాలిన్ హెడ్ డొనెగాల్ కౌంటీలో, అంటే డబ్లిన్ ఏలుబడిలో ఉంది. క్రికెట్ మరీ చిత్రం: 2011లో బెంగళూరులో ఇంగ్లండ్‌ను ఓడించిన ఐర్లాండ్ జట్టు రెండు వైపుల వాళ్లనూ కలిపి ఆడించేది. ఫుట్‌బాల్‌లో మాత్రం జట్లు రెండు.

దరఖాస్తుల్లో బెల్‌ఫాస్ట్ చిరునామాకు దేశం ‘యునైటెడ్ కింగ్‌డమ్’, ఫోన్ కోడ్ 44, ఖర్చు పౌండ్లలో. డబ్లిన్‌కు ‘ఐర్లాండ్’, 353, యూరోలు. పాస్‌పోర్టు పోతే డబ్లిన్‌లో ఉన్నవాళ్లు అక్కడి భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. బెల్‌ఫాస్ట్ వాళ్లకు 2025 మార్చిలో అక్కడే భారత కాన్సులేట్ తెరిచారు.