ఆవు ఎప్పుడు చేపుతుంది?

మా అమ్మమ్మగారి ఊరు ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడి దగ్గర మహేంద్రతనయ ఒడ్డున ఉంది. అక్కడ బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. మేము కనుమనాడు పశువులకు పసుపు కుంకుమలు పెడితే, పక్కింటి ఒడియావారు శ్రావణంలో గహ్మా పున్నమినాడు పెట్టేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మమ్మ ఇంట్లో తొలిచూలు ఆవు ఈనిన రెండు వారాలకే దూడ చనిపోయింది. తల్లి రాత్రంతా అరిచింది, గడ్డి ముట్టలేదు. పొదుగు రాయిలా బిగిసిపోయినా చుక్క పాలు దిగలేదు. "చేపడం లేదు" అంది అమ్మమ్మ, అంటే పొదుగులోకి పాలు దింపడం లేదని. నాలుగోనాడు దూడ తోలులో ఎండుగడ్డి కూర్చి తెచ్చి ఆవు ముందు నిలబెట్టారు. అది వాసన చూసింది, మెడ నుంచి తోక దాకా నాకింది. కాసేపటికి పాలు వచ్చాయి. పెద్దవాళ్లకు ఊరట కలిగింది. నేను గడ్డివాము వెనక కూర్చుని ఏడ్చాను.

"చేపు" అన్న మాటను నేను అర్థం చేసుకున్నది చాలా ఏళ్ల తరువాత, పశువుల శరీరధర్మం చదివినప్పుడు. ఆవు పొదుగులో పాలు కుండలో నీళ్లలా నిలిచి ఉండవు. పితకగానే వచ్చే పాలు ఐదో వంతు మాత్రమే. మిగిలినవి కంటికి కనిపించనంత చిన్న తిత్తుల్లో ఉంటాయి. ఆ తిత్తుల చుట్టూ ఉన్న కండర కణాలు బిగిస్తేనే అవి కిందికి దిగుతాయి. బిగించమని చెప్పేది ఆక్సిటోసిన్ అనే హార్మోను. దూడ మూతి తగిలినా, తెలిసిన చేయి పొదుగు నిమిరినా, మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి దాన్ని నెత్తురులోకి వదులుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో పాలు దిగుతాయి.

మరి ఆవు భయపడితే? 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అనే శాస్త్రవేత్తలు ఆవు వీపు మీద పిల్లిని ఉంచి, కాగితపు సంచులను పగలగొట్టి చప్పుడు చేసి చూశారు. బెదిరిన ఆవు చేపలేదు. బెదురులో పుట్టే అడ్రినలిన్‌ను సూదితో ఎక్కించినా అంతే. కొత్త చోట కట్టిన ఆవులో మెదడు నుంచి ఆక్సిటోసిన్ విడుదలే తగ్గిపోతుందని తరువాతి పరిశోధనలు చూపాయి. అంటే పాలచెంబు నిండాలంటే ముందు ఆవు మనసు కుదుటపడాలి.

దూడ సంగతి నన్ను ఇంకా కలచివేసింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో దూడలకు ఎరుపు, తెలుపు తెరలు చూపి నేర్పారు. ఒక రంగును ముట్టుకుంటే పాలు దొరుకుతాయి, రెండోదాన్ని ముట్టుకుంటే దొరకవు, పైగా కాసేపు ఆగాలి. ఆ పాఠం వచ్చాక రెండింటికీ నడుమ ఉండే గులాబీ ఛాయలు చూపారు. ఇది పాల రంగా, కాదా? ఆశ ఉన్న దూడ ముందుకు వెళుతుంది, దిగులుగా ఉన్నది ఆగిపోతుంది. కాల్చిన ఇనుముతో కొమ్ము మొలకలను మాడ్చిన తరువాత దూడలు ఆ నడిమి రంగుల దగ్గరికి వెళ్లడం తగ్గించాయని 2013లో తేలింది. తల్లి నుంచి విడదీసిన తరువాత కూడా అదే జరిగిందని 2014లో ప్రకటించారు. దిగులుపడిన మనిషి మంచి కబురు వస్తుందని నమ్మలేడు. దూడా అంతే.

మనిషి భావాలను పశువులకు అంటగడుతున్నామని కొందరు అంటారు. ఆ జాగ్రత్త అవసరమే. కానీ ఈ పరీక్షలో మన ఊహకు చోటు లేదు, దూడ తన అడుగుతో తానే జవాబు చెప్పింది. ఇదంతా వట్టి హార్మోను అనేవారూ ఉన్నారు. బాలింత చనుపాలు దిగేది కూడా ఆ హార్మోనుతోనే. ఆమె ప్రేమను మనం వట్టి హార్మోను అనం కదా! అసలు వాత్సల్యం అన్న మాటే వత్స నుంచి వచ్చింది. వత్స అంటే దూడ.

అందుకే ఆక్సిటోసిన్ సూది వేసి పాలు పిండడం నాకు క్రూరంగా తోస్తుంది. దూడ లేకపోయినా, తల్లి బెదిరిపోయినా, దాని ఇష్టంతో పని లేకుండా పొదుగును పిండే పద్ధతి అది. పాల కోసం పశువుకు హానికరమైన సూదులు వేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం.

అమ్మమ్మ ఇంట్లో ఇప్పుడు మామయ్య పాడి చూసుకుంటున్నారు. ముందు దూడను విడిచి నాలుగు గుక్కలు తాగనిస్తారు. ఆపైన తల్లి నాకడానికి అందేలా ముందుకాలి దగ్గర కట్టి, గంగడోలు నిమురుతూ నిలబడతారు. నిమిరినప్పుడు ఆవు చెవులు వెనక్కి వాలడం, వేలాడటం ప్రశాంతతకు గుర్తులని 2014లో ఇంగ్లండులో ఒక పరిశోధన చెప్పింది. మామయ్యకు ఆ పరిశోధన గురించి తెలియదు. చెవులు వాలాకే ఆయన చెంబును పొదుగు కింద పెడతారు.