కొర్రలు పండుతున్నాయి, కంచంలోకి రావడం లేదు: మెట్ట సేద్యంపై అపోహలు - వాస్తవాలు

18 ఏళ్లుగా మెట్ట రైతులతో తిరుగుతున్నాను, ఎక్కువగా అనంతపురం వైపు. సేద్యం మారాలి, పిల్లల తిండి మారాలి అని మీటింగుల్లో అందరూ అంటారు. దానికి చెప్పే మందు మాత్రం ఎప్పుడూ విత్తనమో, ఎరువో. చేను దాటి మిల్లు దాకా, రేషన్ షాపు దాకా, పొయ్యి దాకా వచ్చేవాళ్లు తక్కువ. కొర్ర, సామ, రాగి లాంటి చిరుధాన్యాల గురించీ ఎరువుల గురించీ నాకు తరచూ ఎదురయ్యే మాటలు ఇవి.

అపోహ: రైతు తెలియక చిరుధాన్యాలు వదిలేశాడు

తెలియక కాదు, లెక్క చూసుకునే వదిలేశాడు. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చాక, పండక్కి మాత్రమే వరన్నం వండే ఇళ్లలో రోజూ వరన్నమే అయింది. దాన్ని నేను తప్పుపట్టను, ఆకలి తీరింది. కానీ ఇంటి తిండికి జొన్నా కొర్రా వేయాల్సిన పని తప్పింది, చేనంతా వేరుశనగ పరుచుకుంది. 2013 ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యాలు (జొన్న, సజ్జ, రాగి లాంటివి) కిలో రూపాయికే ఇవ్వాలని రాశారు. ఏళ్ల తరబడి మా ఊళ్ల సంచుల్లో పడింది బియ్యమే.

ధర సంగతి ఇంకా చిత్రం. 2025-26లో క్వింటాలు రాగులకు మద్దతు ధర 4,886 రూపాయలు, సాధారణ రకం వరికి 2,369. కాగితం మీద రాగిదే పైచేయి. కానీ వరికి ఎకరా దిగుబడి ఎక్కువ, కొనేవాళ్లూ ఉంటారు. ఇక కొర్ర, సామ, అరికెలైతే కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలోనే లేవు. చిరుధాన్యాల్లో అందులో ఉన్నవి జొన్న, సజ్జ, రాగి మాత్రమే.

అపోహ: పండిస్తే చాలు, తింటారు

ఒక ఊళ్లో కొర్రల గురించి గంటసేపు చెప్పాను. చివర్లో ఒక అవ్వ లేచింది. "పండిచ్చేది కష్టం గాదు నాయనా, దంచేది కష్టం. మీ ఇంట్లో ఎవురు దంచుతారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లో కొర్రబియ్యం ప్యాకెట్‌లో వస్తాయి.

కొర్ర గింజ మీద పొట్టు గట్టిగా పట్టుకుని ఉంటుంది. వరి మిల్లులో పోస్తే సగం నుజ్జవుతుంది, మిగతాది పొట్టుతోనే బయటికొస్తుంది. దానికి వేరే మెషీన్ కావాలి. ముందు రాళ్లూ మట్టిబెడ్డలూ తీయాలి, తర్వాత సైజులవారీగా జల్లించాలి, అప్పుడు పొట్టు తీయాలి. అది దగ్గర్లో లేకపోతే రోకలే గతి, రోకలి పట్టేది ఆడవాళ్లే. కూలికి పోయి వచ్చిన మనిషి సాయంత్రం రెండు గంటలు దంచడం కన్నా రేషన్ బియ్యం కడిగి పొయ్యి మీద పెడుతుంది. ఆమె స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

ఒక మహిళా సంఘానికి మేమే మెషీన్ ఇప్పించాం. కొర్రలకు తగ్గ జల్లెడలతో వచ్చింది. ఆ చుట్టుపక్కల పండేవి సామలు, గింజ ఇంకా సన్నం. ఆరు నెలలు గోనెపట్టా కప్పుకుని మూల కూర్చుంది. ఏం పండిస్తున్నారని ముందు అడగని తప్పు మాదే. జల్లెడలు మార్చాక సంత రోజున తిప్పుతున్నారు. బియ్యానికి వచ్చేవాళ్ల కన్నా తవుడు కోసం వచ్చే గేదెలవాళ్లే ఎక్కువని సంఘం లీడర్ నవ్వుతుంది.

రాగికి ఈ తిప్పలు లేవు. కడిగి ఎండబెట్టి పిండి పట్టిస్తే అయిపోయింది. అందుకే 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లో వారానికి 3 రోజులు రాగిజావ మొదలుపెట్టడం వీలైంది. 2017లో మిల్లెట్ మిషన్ (చిరుధాన్యాల పథకం) పెట్టిన ఒడిశా కూడా రాగినే పట్టుకుంది. రైతుల దగ్గర కొని రేషన్‌లో ఇచ్చింది, కెంఝర్ జిల్లా అంగన్‌వాడీల్లో లడ్డూలు చేయించింది. రైతుకు ఉపన్యాసం ఇవ్వడం వేరు, గింజ కొనడం వేరు.

అపోహ: చిరుధాన్యాలన్నీ ఒకటే, ఏది తిన్నా బలమే

కాదు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు, బియ్యంలో 10 లోపే. అది చూసి కొర్రల్లోనూ అంతే ఉంటుందనుకుంటారు, ఉండదు. ఇనుముకు సజ్జ మేలు. పైగా తెల్లగా కనబడాలని కొర్రబియ్యాన్ని బాగా పాలిష్ పట్టిస్తే పీచూ పోషకాలూ తవుడులోకే పోతాయి, గేదె బలుస్తుంది.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. గింజ ఒక్కటి మార్చితే అది తగ్గదు, గింజల్లోని ఇనుము ఒంటికి పట్టేది తక్కువ. పప్పు, ఆకుకూర, గుడ్డు, అన్నంలో పిండుకునే నిమ్మచెక్క కలిస్తేనే పని. కాబట్టి సాళ్ల మధ్య కంది, అలసంద, అనుములు వేయమంటాను. భూమికీ మంచిది, కూరకుండకీ మంచిది.

అపోహ: రేపట్నుంచి ఎరువులు ఆపేస్తే సేద్యం బాగుపడుతుంది

శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపింది. వరి, తేయాకు దెబ్బతిన్నాయి, ఆ ఏడాది నవంబరుకే వెనక్కి తగ్గింది. భూమిలో జీవం చచ్చాక పశువులెరువు చాలినంత లేకుండా మందు కట్ చేస్తే అదే జరుగుతుంది.

మన దగ్గర యూరియా గుమ్మరిస్తున్నారంటే దానికీ కారణముంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, భాస్వరం ఇచ్చే డీఏపీ 50 కిలోల బస్తా 1,350. 2010లో మిగతా ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టి యూరియాను మాత్రం ధర ప్రభుత్వమే కట్టే పాత పద్ధతిలోనే ఉంచారు. చవగ్గా దొరికేదే చల్లుతారు కదా.

నేనైతే మొదటి ఏడాది అర ఎకరమే అడుగుతాను. తొలకరికి ముందే బంకమట్టి, బూడిద పట్టించిన నవధాన్యాల విత్తనాలు చల్లడం, ఘనజీవామృతం (ఆవుపేడతో చేసే పొడి ఎరువు) వేయడం, పక్క చేనుతో పోల్చి చూసుకోవడం. రెండో ఏడాది ఎంత వేయాలో రైతే చెబుతాడు. ఒక్కోసారి అర ఎకరం కూడా వద్దంటాడు.