మెల్లకన్ను ఆపరేషన్: పూర్తి మత్తా, మెలకువా?

మెల్లకన్ను అదృష్టమని ఇంట్లో పెద్దలు అంటుంటే, ఆపరేషన్ మాటెత్తకుండా నలభై ఏళ్లు గడిపేసినవాళ్లు మనలో ఉన్నారు. తీరా సిద్ధపడ్డాక డాక్టర్‌ని అడిగేది మత్తు గురించే: పూర్తిగా నిద్రపుచ్చుతారా, కంటికి మాత్రమే ఇస్తారా?

1839 అక్టోబరులో బెర్లిన్‌లో డీఫెన్‌బాఖ్ అనే సర్జన్ ఏడేళ్ల పిల్లాడి కంటి కండరం కోసి మెల్ల సరిచేసినప్పుడు ఈ ప్రశ్నే లేదు. ఈథర్ మత్తు బోస్టన్‌లో లోకానికి రుజువైంది 1846లో. అంతవరకూ కోతంతా మెలకువలోనే.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే డాక్టర్ కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని కనిపెట్టాడు. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభకు వెళ్లే ఖర్చులకు కూడా లేక, తన పత్రాన్ని వేరొకరి చేత చదివించాడు. అయితే చుక్కలతో మొద్దుబారేది పైపొర. కండరాన్ని పట్టి లాగితే నొప్పి తెలుస్తుంది, పైగా గుండె వేగం పడిపోతుంది. ఆ సంబంధాన్ని 1908లో ఆష్నర్, డాన్యీనీ అనే ఇద్దరు డాక్టర్లు విడివిడిగా రాశారు. మత్తు డాక్టర్ నేటికీ మానిటర్ మీంచి చూపు తిప్పకపోవడానికి కారణం ఇదే. గుండె నెమ్మదించగానే సర్జన్ కండరాన్ని వదిలేయాలి, అవసరమైతే గుండె వేగం పెంచే అట్రోపిన్ మందు ఇస్తారు.

పూర్తి మత్తులో నొప్పి బాధ పోయింది కానీ, తర్వాత వాంతులు ఎక్కువ. దానికంటే పెద్ద చిక్కు ఇంకొకటి: మత్తులో కన్ను నిలిచే చోటు వేరు, మెలకువలో నిలిచే చోటు వేరు. నిద్రలో సరిగ్గా కుదిరిందనుకున్నది తెల్లారితే వంకరగా ఉండొచ్చు. పిల్లల సంగతి అటుంచితే, పెద్దవాళ్లకు ఆ కాస్త తేడాకే ఒకటి రెండుగా కనిపిస్తుంది. అందుకే 1970లలో శాన్‌ఫ్రాన్సిస్కోలో జాంపోల్‌స్కీ అనే కంటి సర్జన్ ముడి పూర్తిగా బిగించకుండా వదిలి, రోగి లేచాక సరిచేసే కుట్టును ప్రచారంలోకి తెచ్చాడు. కొందరు సర్జన్లు ఇంకో అడుగు వేసి మళ్లీ చుక్కల మందుకే వచ్చారు. టేబుల్ మీదే రోగిని లేపి కూర్చోబెట్టి, "దీపం ఒకటా, రెండా?" అని అడగొచ్చు కదా!

కనుగుడ్డు వెనక్కి సూదిమందు ఇస్తే నొప్పి ఉండదు, కన్నూ కదలదు. కాబట్టి మత్తు వదిలేదాకా కుట్టు సరిచేయలేరు. సూది గుడ్డులో దిగే ప్రమాదమూ ఉంది. 1990ల నుంచి మొద్దు గొట్టంతో కనుగుడ్డు పైపొర కిందికి మందు పంపే పద్ధతి ఆ భయాన్ని చాలావరకు తగ్గించింది.

ఇందులో ఒక తమాషా ఉంది. బుపివకైన్ అనే మత్తుమందు పొరపాటున కండరంలోకి వెళ్తే కండరం దెబ్బతింటుంది. శుక్లం ఆపరేషన్ తర్వాత కొందరికి రెండు బొమ్మలు కనిపించడానికి అదొక కారణం. ఆ దెబ్బనే వాడుకుని, అదే మందును కావాలనే కండరంలోకి ఎక్కించి మెల్ల సరిచేయడానికి ప్రయత్నించాడు శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్ అలన్ స్కాట్.