గుడ్డ కప్పిన విమానం కొనే ముందు: పైపర్ సూపర్ కబ్ గురించి అపోహలు – వాస్తవాలు

అలాస్కాలో రోడ్డు లేని చోటికి మనుషులనూ సామాన్లనూ చేర్చే చిన్న విమానాల్లో పైపర్ పీఏ-18 సూపర్ కబ్‌కు ఉన్న పేరు అంతా ఇంతా కాదు. 1949లో వచ్చిన మోడల్ ఇది. వెల్డింగ్ చేసిన ఉక్కు గొట్టాల చట్రం, అల్యూమినియం స్పార్లు (రెక్క పొడవునా ఉండే దూలాలు), రిబ్బులు (వాటికి అడ్డంగా పక్కటెముకల్లా ఉండేవి), వాటి మీద బిగించిన గుడ్డ, ఒకదాని వెనక ఒకటి రెండే సీట్లు, తోక కింద చిన్న చక్రం. అమెరికాలో లైసెన్సు తెచ్చుకుని దీన్ని కొనాలనుకునే మనవాళ్లు మొదట అడిగేది గుడ్డ గురించే. అంతకంటే ముందు అడగాల్సినవి మూడున్నాయి: గుడ్డ కింద చట్రం ఎలా ఉంది, విమానం బరువెంత, నడిపేవారికి తోకచక్రం అలవాటుందా.

అపోహ: గుడ్డే కదా, గాల్లో చిరిగిపోతుంది.

వాస్తవం: ఇప్పుడు వాడేది పాలియెస్టర్. చట్రానికి జిగురుతో అంటించి, వేడి కొలిచి సరిచేసిన ఇస్త్రీపెట్టెతో 250 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో మొదలుపెట్టి 350 దాకా దశలవారీగా వేడిచేసి, గుడ్డ కుదించుకుని బిగుసుకునేలా చేస్తారు. తర్వాత ప్రతి రిబ్బుకూ మైనం పట్టించిన దారంతో కుట్టు వేస్తారు. కొన్ని విమానాల్లో కుట్టుకు బదులు స్క్రూలో రివెట్లో ఉంటాయి. రెక్క మీద గాలి పైకి లాగే బలమంతా ఈ కుట్ల మీదే పడుతుంది. కాబట్టి ఒకటి రెండు కుట్లు తెగి, రిబ్బు మీద గుడ్డ ఉబ్బినట్టు కనిపిస్తే దాన్ని వదిలేయకూడదు. మన దేశంలో ఫ్లయింగ్ క్లబ్బులు ఏళ్ల తరబడి వాడిన హెచ్ఏఎల్ పుష్పక్ కూడా గుడ్డ విమానమే.

వడగళ్లు పడితే రేకు సొట్టపోతుంది. గుడ్డ చాలాసార్లు తట్టుకుంటుంది గానీ, దెబ్బ తగిలిన చోట పూత వలయాలుగా పగులుతుంది. ఆ పగుళ్లలోంచి ఎండ లోపలికి దిగుతుంది. పాలియెస్టర్‌కు అసలు శత్రువు అదే.

అపోహ: రంగు మెరుస్తోందంటే గుడ్డ బాగున్నట్టే.

వాస్తవం: కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. గుడ్డను కాపాడేది పై రంగు కాదు, దాని కింద అల్యూమినియం పొడి కలిపిన సిల్వర్ పూత. అది పలచగా ఉంటే ఎంత ఖరీదైన రంగు వేసినా అతినీలలోహిత కిరణాలు దారాన్ని తినేస్తాయి. రెక్క లోపల బల్బు వెలిగించి చీకట్లో బయటినుంచి చూడండి. వెలుగు కనిపించిందంటే సిల్వర్ చాల్లేదన్నమాట.

బలం పరీక్షకూ పద్ధతుంది. పైపూతతో కలిపి గుడ్డను పొడిచి చూస్తే ఆ బలం పూతదో గుడ్డదో తెలియదు. పూత కరిగించి తీసిన అంగుళం వెడల్పు పట్టీని లాగి చూడాలి. సూపర్ కబ్‌కు గరిష్ఠంగా 1,750 పౌండ్ల బరువు, 178.5 చదరపు అడుగుల రెక్క. అంటే చదరపు అడుగుకు 9 పౌండ్ల హద్దు దాటింది. అందుకే దీనికి అంగుళం పట్టీ 80 పౌండ్ల లాగుడు తట్టుకునే గ్రేడ్ ఏ గుడ్డ ప్రమాణం, అందులో 70 శాతం, అంటే 56 పౌండ్లకు తగ్గితే పనికిరాదు. దీనికంటే తేలికైన జె-3 కబ్‌కు 46 సరిపోతుంది. ఆ లెక్క తెచ్చి దీనికి వాడేవాళ్లున్నారు, అది తప్పు. ఎండ ఎక్కువగా తగిలే రెక్క పైభాగంలో, ముదురు రంగు వేసిన చోట నమూనా తీయండి. రెక్క అడుగున తీస్తే చాలాసార్లు పాసవుతుంది.

ఇక చట్రం. తోక వైపు కింది గొట్టాలే అన్నిటికన్నా ముందు తుప్పు పడతాయి. గుడ్డ అడుగున ప్రతి గదికీ నీరు కారే చిన్న రంధ్రం ఉంటుంది. మట్టితోనో రంగుతోనో అది పూడుకుపోతే నీళ్లు లోపలే నిలుస్తాయి. ఎలుకలు గూడు కట్టి ఉంటే వాటి మూత్రం అల్యూమినియం రిబ్బులను కూడా తినేస్తుంది. తనిఖీ మూతలు తీసి బోరోస్కోప్ (సన్న గొట్టం కెమెరా) పంపి చూడండి, వాసన కూడా చూడండి. రెక్క మీద గుడ్డ ఐమూలగా ముడతలు పడి ఉంటే లోపలి బిగింపు తీగలు వదులయ్యాయనో, ఎప్పుడో రెక్క కొన నేలకు తగిలి స్పార్ వంగిందనో అనుమానించాలి. చట్రం బాగుండి గుడ్డ పాతబడిన విమానం కొనడం తెలివైన బేరం. గుడ్డ కొత్తదై చట్రం పాడైనది కొంటే నష్టం ఎక్కువ.

అపోహ: రెక్కను మోసే స్ట్రట్లు ఉక్కువి, వాటికేం కాదు.

వాస్తవం: లోపలి నుంచి తుప్పు పడతాయి, బయటికి తెలియదు. అందుకే ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) ఆదేశం ఉంది, 2015లో తిరిగి ఇచ్చినది 2015-08-04. మూసి సీలు చేయని పాత స్ట్రట్లను ప్రతి 24 నెలలకూ పరీక్షించాలి. కింది భాగాన్ని టెస్టర్‌తో నొక్కినప్పుడు చిన్న సొట్ట పడినా తీసేయాల్సిందే. సీల్డ్ స్ట్రట్లు వేయిస్తే ఈ తుప్పు పరీక్షల బెడద పోతుంది. కొత్తగా కొన్నవాళ్లు మొదటి ఖర్చు దీని మీదే పెట్టాలి.

అపోహ: 200 అడుగుల్లో లేస్తుంది, ఎంత సామానైనా వేసుకోవచ్చు.

వాస్తవం: 150 హార్స్‌పవర్ సూపర్ కబ్ 200 అడుగుల్లో లేస్తుందన్నది కంపెనీ అంకె. అది ఎదురుగాలి, ఎత్తు, నేల మెత్తదనం, పైలట్ చెయ్యి, వీటన్నిటి మీదా ఆధారపడుతుంది. అతి తక్కువ దూరంలో లేచి దిగే వాల్డెజ్ (అలాస్కా) పోటీల్లో కనిపించే దూరాలు తేలిక చేసిన విమానంలో పైలట్ ఒక్కడే కూర్చుని చేసినవి.

బరువు లెక్క కాగితం మీద వేయండి. పెద్ద టైర్లు, రేడియోలు, సామాను అర కలిశాక ఖాళీ బరువు 1,150 పౌండ్లకు చేరడం మామూలే. 1,750లో అది పోతే 600. రెండు ట్యాంకుల 36 గ్యాలన్ల పెట్రోలు 216 పౌండ్లు. మిగిలింది 384. చెరి 180 పౌండ్ల ఇద్దరు కూర్చుంటే సామానుకు మిగిలేది 24 పౌండ్లు, 11 కిలోలు కూడా లేదు. అలాస్కా చట్టం ప్రకారం ఆహారం, ప్రథమ చికిత్స పెట్టె, నిప్పు రాజేసే సామగ్రి, సంకేతాలిచ్చే పరికరాల లాంటి అత్యవసర సామగ్రి విమానంలో ఉండాలి. చలికాలంలో మంచు మీద నడిచే వెడల్పాటి బూట్లు, పడక సంచి లాంటివి కూడా చేరతాయి. వీటికే ఆ మిగులు చాలదు. కాబట్టి పెట్రోలు తగ్గించుకోవాలి, లేదా స్నేహితుణ్ణి దించాలి. ఖాళీ బరువు పాత కాగితాల్లో చూసి నమ్మకండి. కొన్న వెంటనే తూకం వేయించండి.

31 అంగుళాల టండ్రా టైర్లలో గాలి చాలా తక్కువ ఉంచుతారు, రాళ్ల మీద దిగడానికి అదే బలం. దానికి బదులుగా వేగం తగ్గుతుంది. గంటకు 90 మైళ్ల దరిదాపుల్లోనే ప్రయాణం. దూరాలు తిరగాలంటే ఇది సరైన విమానం కాదు.

అపోహ: మెల్లగా ఎగురుతుంది, కాబట్టి ప్రమాదం తక్కువ.

వాస్తవం: వేగం మరీ తగ్గితే రెక్క విమానాన్ని మోయలేకపోతుంది, దాన్నే స్టాల్ అంటారు. అలాస్కాలో మూస్ స్టాల్ అని ఒక మాటుంది, మూస్ అంటే అక్కడి పెద్ద దుప్పి. కిందున్న దుప్పినో, దిగాల్సిన ఇసుక తిన్నెనో చూస్తూ తక్కువ ఎత్తులో చుట్టూ తిరుగుతూ పైలట్ వేగం సంగతి మరిచిపోతాడు. ఫ్లాపులు (రెక్క వెనక అంచున ఉండే పలకలు) దించి నేరుగా ఎగిరేటప్పుడు స్టాల్ వేగం గంటకు 43 మైళ్లు. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు వాల్చి తిరిగితే అది 51, 60 డిగ్రీలు వాల్చితే 61. నేల దగ్గర స్టాల్ అయితే తేరుకునే ఎత్తు ఉండదు. చుట్టూ తిరగాలంటే ఒక ఎత్తు నిర్ణయించుకోండి, చూడాల్సింది ఒక్కసారి చూసి దూరంగా వెళ్లి మళ్లీ రండి.

ముక్కు కింద చక్రం ఉండే సెస్నా 172లో నేర్చుకున్నవాళ్లకు తోకచక్రం వేరే చదువు. బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనకుంటుంది కాబట్టి తోక పక్కకు జరిగిందంటే అదుపు చేసేదాకా ఇంకా జరుగుతూనే ఉంటుంది. పాదాలు రడ్డర్ (తోకను పక్కలకు తిప్పే చుక్కాని) పెడళ్ల మీద విమానం పూర్తిగా ఆగేదాకా పని చేయాలి. ఎఫ్ఏఏ నిబంధన ప్రకారం బోధకుడి ఎండార్స్‌మెంట్ (లాగ్‌బుక్‌లో ధ్రువీకరణ సంతకం) తప్పనిసరి.

అపోహ: గుడ్డ పని ఇంట్లోనే చేసుకోవచ్చు.

వాస్తవం: కొంతవరకే. రిబ్బు కుట్టు అవసరం లేని చిన్న అతుకు పైలట్ లైసెన్సున్న యజమానే వేయవచ్చు. రంధ్రం చుట్టూ పాత పూత తీసి, రెండంగుళాలు మించి వచ్చేలా అతికి, అదే పద్ధతి పూతలు వేయాలి. గుడ్డంతా మార్చడం మాత్రం పెద్ద మరమ్మతు కిందికి వస్తుంది. తనిఖీ అధికారం ఉన్న మెకానిక్ ఫారం 337 మీద సంతకం చేయాలి. ఒక కంపెనీ జిగురుతో ఇంకో కంపెనీ పూత కలపకండి, అనుమతి ఆ మొత్తం పద్ధతికే ఇచ్చారు. గుడ్డ విప్పిన రోజు చట్రానికి రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ వేయించండి. పాత జింక్ క్రోమేట్ ఉంచితే ఎంఈకే అనే ద్రావకం ఉన్న జిగురు దాన్ని కరిగిస్తుంది, గుడ్డ అంటుకోదు.

హ్యాంగర్ లేకుండా కొనాలనుకుంటే రెక్కల తొడుగులైనా కొనండి, ఎండకూ మంచుకూ రెండింటికీ అవే పనికొస్తాయి. ఉష్ణోగ్రత మైనస్ 12 సెల్సియస్ కంటే తగ్గితే లైకమింగ్ ఇంజన్‌ను ముందే వేడి చేయాలి. చేపలు, మాంసం లోపల వదిలి రాత్రంతా ఉంచకండి. ఎలుగుబంటికి గుడ్డ గోడ అడ్డం కాదు.