ముంజెలో నీళ్ళు, బావ్‌లో పులుసు

చిన్నూకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న షాంఘై నుంచి పంపిన బావ్ (పిండి లోపల ఖీమా పెట్టి ఆవిరి మీద ఉడికించే ముద్ద) ఫొటో చూసి చిన్నూ అడిగిన ప్రశ్న రెండు రోజులుగా నా బుర్రలోనే తిరుగుతోందిరా. "తాతయ్యా, పిండి మూతి మూసేశాక లోపలికి పులుసు ఎలా పోశారు, ఇంజక్షన్‌తోనా?" అన్నావు. ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ పిన్ని ఆఫీసుకి వెళ్ళింది, తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

షాంఘై పాత ఊళ్ళో యుయువాన్ అని ఒక తోట ఉంది, 1559లో మొదలుపెట్టిన తోట. దాని ముందు చెరువు, చెరువు మీద తొమ్మిది మలుపుల వంతెన, ఆ వంతెన పక్కనే నాన్‌షియాంగ్ హోటలు. 1900 నుంచీ అక్కడ ఇదే టిఫిను. దీన్ని షావ్‌లోంగ్‌బావ్ అంటారు, చిన్న ఆవిరి బుట్టలో ఉడికిన బావ్ అని అర్థమట. వెదురు బుట్టలోనే బల్ల మీదికి తెచ్చి పెడతారు. క్యూ చాలా పొడుగు. కానీ నాకు విసుగు రాలేదు, ఎందుకంటే అద్దం వెనక వంటవాళ్ళు చేస్తూ కనపడతారు. ఒకావిడ అరచేతిలో చిన్న పిండి బిళ్ళ పెట్టుకుని, మధ్యలో ఖీమా ముద్ద అద్ది, అంచుని చిన్న చిన్న మడతలుగా తిప్పుకుంటూ పోయి, పైన సంచి మూతి కట్టినట్టు బిగించేసింది. మీ అమ్మమ్మ కజ్జికాయల అంచు అల్లడం గుర్తొచ్చింది. నేను కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను చిన్నూ, ఆవిడ ఎక్కడా పులుసు పోయలేదు!

మరి ఎలా వచ్చింది? ముంజె సంగతి చెప్తే నీకు తెలిసిపోతుంది. ముంజెలోకి నీళ్ళు ఎవరు పోశారు చెప్పు?

మా చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే చెరువు గట్టు మీద తాటిచెట్ల కిందే. గెల దించగానే చుట్టూ మూగేవాళ్ళం. కాయ తల కత్తితో కొట్టి ఇస్తే లోపల మూడు కళ్ళు, మూడు ముంజెలు. బొటనవేలు గుచ్చితే చటుక్కున నీళ్ళు చిమ్మేవి. ఒకసారి కొత్త చొక్కా మీద పడ్డాయి, ఆ మరక ఎంత ఉతికినా పోలేదు. మా నాయనమ్మ ఆ రోజే నేర్పింది, ముందు నోరు ఆనించి ఆ తర్వాతే వేలు గుచ్చాలని. తినేశాక ఖాళీ కాయలు రెండు పుల్లకి గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ ఊరంతా బండి నడిపేవాళ్ళం. ఆ బండి చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

సరే, విషయానికొస్తాను. లేత ముంజెలో నీళ్ళుంటాయి. రోజులు గడిచేకొద్దీ ఆ నీళ్ళే చిక్కబడి ముంజె గట్టిపడుతుంది, బాగా ముదిరితే పన్ను దిగదు. బావ్‌లో జరిగేది దీనికి తిరగేసి. అక్కడ ముందు గట్టిది పెడతారు, అది తర్వాత నీళ్ళవుతుంది. పంది తోలుని గంటల తరబడి సన్నని మంట మీద ఉడికించి, ఆ నీళ్ళు చల్లారబెడితే గడ్డకడుతుంది. చూడ్డానికి అచ్చం ముంజెలాగే ఉంటుంది, అటూ ఇటూ చూపు సగం దూరేంత పల్చగా, తాకితే తొణుకుతూ. దాన్ని సన్నగా తరిగి ఖీమాలో కలిపేస్తారు. ఆవిడ పిండిలో పెట్టిన ముద్దలో అదే ఉంది! మన ఒంటి వేడి 37 డిగ్రీలు కదా, ఆ గడ్డ అంతకన్నా తక్కువ వేడికే కరిగిపోతుంది. ఇక ఆవిరి బుట్టలో పెడితే ఆగుతుందా? అందుకే ఉత్త కూరగాయలు పెట్టిన బావ్‌లో ఈ పులుసు ఉండదు, తోలులోంచి దిగే ఆ గడ్డకట్టే జిగురు ఆకుల్లో లేదు.

తినడానికి ఇక్కడివాళ్ళకి ఒక పాట ఉంది, పిన్ని చెప్పింది: మెల్లగా ఎత్తు, నిదానంగా జరుపు, ముందు కిటికీ తెరువు, ఆ తర్వాత పులుసు తాగు. కిటికీ అంటే పంటితో చేసే చిన్న కన్నం. మా నాయనమ్మ ముంజెకి చెప్పిందీ దాదాపు ఇదే కదా! నేను చాప్‌స్టిక్స్‌తో పైమూతి పట్టుకుని ఎత్తి గరిటెలో పెట్టుకోగానే మొత్తం నోట్లో వేసుకోబోయాను. పిన్ని టక్కున చెయ్యి పట్టుకుంది. వేడి పదార్థం దగ్గర తొందర పనికిరాదురా, పెద్దవాళ్ళకైనా సరే. కన్నం చేసి, ఆవిరి పోనిచ్చి, పులుసు జుర్రుకుని, మిగిలింది అల్లం తురుము వేసిన నల్ల వెనిగర్‌లో ముంచుకుని తిన్నాను. ఆ పులుపు పడ్డాకే మాంసం రుచి పైకి తేలింది. బుజ్జీ, పక్క బల్ల మీద నీ అంత పిల్ల ఉంది. ఆ పిల్ల ముందు గిన్నెంత పెద్ద బావ్, దాంట్లో స్ట్రా గుచ్చి ఉంది! పీత గుడ్లు వేసిన పులుసట. కొబ్బరి బొండాం తాగినట్టు కళ్ళు మూసుకుని తాగుతోంది.

ఉడికించిన తోలు నీళ్ళు చల్లబడితే ఎందుకు నిలబడతాయో, వెచ్చబడితే ఎందుకు జారిపోతాయో పుస్తకాల్లో ఉంటుంది, పెద్దయ్యాక చదువుకోండి. ఇప్పటికి మాత్రం నా మాట విని ఒక పని చెయ్యండి. ఈ ఆదివారం ఇంట్లో మేక కాళ్ళ పాయా వండుతారు కదా, అమ్మనడిగి ఒక చిన్న గిన్నెడు పులుసు వడకట్టించుకుని రాత్రి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున లేవగానే గిన్నె పక్కకి వంచి చూడండి. తర్వాత ఒక చెంచాడు తీసి అరచేతిలో పెట్టుకుని, ఏమవుతుందో కదలకుండా చూసి నాకు ఫోన్ చెయ్యండి.

మీ తాతయ్య